దక్షిణముఖ దీపం

గాజు గొట్టంలోని నీళ్లు ఈ పొద్దు కూడా ఇటుక రంగుకే తిరిగాయి.

మనోరమ దాన్ని స్పిరిటు దీపం మీంచి తీసి, కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి మళ్లీ చూసింది. చూసినంత మాత్రాన మారుతుందా? భర్త మూత్రం నాలుగు చుక్కలు పోసి కాగబెడితే ఆ నీలం మందు నీలంగానే నిలవాలి. మహా అయితే ఆకుపచ్చ. ఇటుక రంగు వచ్చిందంటే మనిషి సారమంతా చక్కెరై కారిపోతున్నట్టే. నెల దాటింది, ఇదే రంగు. పెరట్లో పేర్చిన ఇటుకల కుప్ప కంటబడినా ఆమె తల తిప్పుకుంటోంది.

"నీళ్లు" అన్నాడు లక్ష్మణ్‌రావు మంచం మీంచి.

ఇప్పుడే కదా చెంబు ఖాళీ చేశాడు. నిరుడు వానకాలంలో పందెం కట్టి గోదావరి ఈదిన మనిషి, ఇవాళ పక్క మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది. మనోరమ రంజన్‌ కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. ఆయన గటగటా తాగి, చెంబు కింద పెట్టకముందే మళ్లీ పెదాలు తడుపుకున్నాడు.

నడిమింట్లో తల్లీకొడుకులకు అప్పుడే మొదలైంది. జగపతిరావు లక్ష్మణ్‌రావుకు అన్న, ఇంటికి పెద్ద. భార్యాపిల్లలను చదువుల కోసం కరీంనగర్‌లో దింపి, తమ్ముడి కోసం చెన్నూరులోని ఈ దొరల గడీలోనే ఉండిపోయాడు. నిన్న రోహిణి ఎండలో జీపు తోలుకుని మంచిర్యాల పోయి రెండు మందుసీసాలు తెచ్చాడు. అవి తప్ప అక్కడా లేవు. హైదరాబాదు నుంచి మళ్లీ వచ్చేది వచ్చే వారమే. ఆ రెండు సీసాలు ఫ్లాస్కులో ఐసు ముక్కల మధ్య ఉన్నాయి. ఆ ఐసు పొద్దుగూకేదాకా ఆగితే గొప్ప.

"అవ్వా, ఇగ ఇను" అంటున్నాడు జగపతిరావు. "పొద్దూకెటాల్లకు గీ పెట్టె సల్లగాకుంటె తమ్మున్ని మంచిర్యాల దవాఖానకు తీస్కపోత. నువ్వు వద్దన్నా తీస్కపోత."

"మీ బాపును గూడ గదే జీపుల తీస్కపోయినవ్" అంది లీలాబాయి. "ఎట్ల తెచ్చినవో యాదికున్నదా?"

జగపతిరావు చెప్పులు వరండా దాకా టపటపలాడి అక్కడ ఆగిపోయాయి. అత్తమ్మ ఒక్క మాటతో ఎవరి నోరైనా కట్టేయగలదు, మనోరమకు కొత్త కాదు. కానీ ఈ పొద్దు ఆ మాట విని ఒళ్లు మండిపోయింది. పోయిన మనిషిని అడ్డం పెట్టి ఉన్న మనిషిని చంపుకుంటారా అని అడగాలనిపించింది. అడగలేదు. భర్త దవాఖానకు పోనని మొండికేసినప్పుడు తను మాత్రం గట్టిగా చెప్పిందా?

ఇంత గొడవకూ కారణం వెనక అర్రలో ఉన్న ఆ చల్లపెట్టె. నిజాం రోజుల్లో మామగారు హైదరాబాదు నుంచి తెప్పించిన కిరసనాయిలు ఫ్రిజ్. గడీకి ఇంకా కరెంటు తీగ రాలేదు కాబట్టి దానికి దీపమే ఆధారం. అడుగున దీపం వెలిగితే పైన మంచు పడుతుంది. పెద్దాయన ఉన్నన్నాళ్లు అది అతిథుల గ్లాసుల్లోకి ఐసు ముక్కలు చేసింది. ఏడాదిగా లక్ష్మణ్‌రావు ఇన్సులిన్ సీసాలు కాపాడింది. అలాంటిది ఈ ఎండల్లో చల్లదనం మానేసింది. మానేసినా బాగుండేది. మొన్న మనోరమ తలుపు తీస్తే లోపల బయటికంటే ఉడుకుగా ఉంది. తేటగా ఉండాల్సిన మందులో తెల్లటి తునకలు తేలాయి. తడి ఇసుకలో కుండ పాతి అందులో పెట్టి చూశారు, ఈ వడగాడ్పుకు అదీ ఆగలేదు. ఉడికిపోయిన ఆ మందునే ఇన్నాళ్లూ తన చేత్తో ఆయనకు పొడిచిందన్నమాట.

* * *

హనుమండ్లు తొలి బస్సుకే దిగాడు. అడవి బంగళాల్లో, దూరపు దవాఖానాల్లో ఉండే ఇలాంటి పెట్టెలకు బెల్లంపల్లి నుంచి ఆయనే పోయి వైద్యం చేస్తాడు. పోయిన వారం వచ్చి దీన్ని తలకిందులుగా నిలబెట్టి, ఒక రాత్రి ఉంచి, తిరిగి లేపి వెలిగించాడు. రెండు రోజులు బ్రహ్మాండంగా చల్లబడింది. తన చెయ్యి పడ్డ పెట్టె చల్లబడక ఎక్కడికి పోతుందని బస్టాండు దాకా చెప్పుకుంటూ పోయాడట. మూడో రోజుకు మళ్లీ మొదటికొచ్చింది. అందుకే ఈసారి మొఖం కొంచెం ముడుచుకుని వచ్చాడు.

మనోరమ ఇచ్చిన చాయ అందుకుని, జేబులోంచి కాగితం పొట్లం తీసి బెల్లం ముక్క కొరుక్కున్నాడు. ఈ గడీలో చాయ తాగిన అనుభవం ఒకటుంది కదా ఆయనకు. లక్ష్మణ్‌రావుకు ఈ జబ్బని తెలిసిన రోజే లీలాబాయి చక్కెర డబ్బా, బెల్లం కుండ బయటికి పంపేసింది. కొడుకు తినలేనిది ఈ గడప లోపల ఎవరూ తినకూడదంది. మామిడిపండ్ల గంప వచ్చినా వాకిట్లోంచే పంచిపెట్టిస్తుంది. దేవుడికి కూడా అటుకులతోనే సరిపెడుతోంది.

"ఏమనుకోకు దొరసానీ" అన్నాడు హనుమండ్లు. "తీపి లేకుంటె నాకు చాయ గొంతు దిగది."

"మీది మీరు తింటున్రు. నేనేమనుకుంట" అంది మనోరమ.

చాయ అయ్యాక పనిలోకి దిగాడు. అడుగున ఉన్న దీపపు తొట్టి బయటికి లాగి వత్తి చూశాడు, కొసలు కత్తిరించాడు. పొగ పోయే గొట్టంలో బ్రష్షు తోసి తిప్పితే చారెడు మసి రాలింది. దీపం మళ్లీ లోపలికి తోసి ముట్టించాడు. అభ్రకపు రేకు బిగించిన చిన్న కిటికీలోంచి చూస్తే మంట నీలంగా, నిలకడగా ఉంది. మంటకేం దోషం లేదు. పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి కింది గొట్టం తడిమాడు, కాలుతోంది. పైగొట్టం తడిమాడు, ఉలుకూ పలుకూ లేదు. చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. లోపల బుడబుడ చప్పుడు రావాలట, నాడి కొట్టుకున్నట్టు. రాలేదు.

మనోరమ గుమ్మంలో నిలబడి ఆయన మొఖమే చూస్తోంది. ఇటు ఈయన చెవి ఆనించి వింటుంటే, అటు గదిలోంచి "నీళ్లు" అన్న మాట రెండుసార్లు వచ్చింది. ఆమె రెండుసార్లూ పరుగెత్తి పోయి వచ్చింది.

చివరికి హనుమండ్లు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. గొట్టాల్లో పారే లోపలి సరుకు చచ్చిపోయిందన్నాడు. ఇన్నేళ్ల పెట్టె, అది మాత్రం ఎన్నాళ్లు బతుకుతుందన్నాడు. లోపలి గొట్టాలన్నీ కొత్తవి వేయాలని, ఈ రకం ఇప్పుడు హైదరాబాదులో కూడా దొరకదని అంటూ పనిముట్లు తుడిచి డబ్బాలో సర్దుకోసాగాడు.

జగపతిరావు వరండాలోంచి లేచి జీపు తాళాలు అందుకున్నాడు. లీలాబాయి దేవుడి గూటి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. అందరి చేతులూ ఒక్కసారే వదులైపోయాయి. మనోరమకు మాత్రం నిలవబుద్ధి కాలేదు. ఏడవడానికైనా ఏదో పని కావాలి. చెంబు తీసుకుని, కింద రాలిన మసి మీద నీళ్లు గుమ్మరించింది.

నల్లటి నీళ్లు చీపురు కోసం ఆగలేదు. నేరుగా పెట్టె ముందరి కాళ్ల మధ్య నుంచి దూరి, వెనక కాళ్ల కిందుగా పోయి, మూలనున్న తూములో పడ్డాయి.

ఆమె చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత ఇంకొన్ని నీళ్లు పోసింది. అవీ అదే దారిన పోయాయి.

"హనుమండ్లూ, ఈ పెట్టె సక్కగ నిలవడాలెనా? వంకర నిలవడితె ఏమన్న అయితదా?"

ఆయన డబ్బా మూత వేయబోతున్నవాడల్లా ఆగాడు. వంటింటి తలుపు దాకా పోయి ఒక ఇత్తడి తాంబాళం అడిగి తెచ్చాడు. పెట్టె నెత్తిన పెట్టి అందులో నీళ్లు పోశాడు. నీళ్లన్నీ గోడ వైపుకు గుంపుకట్టి, అంచు దాటి కారాయి. హనుమండ్లు మొఖం చూడాలి అప్పుడు. తన అర్రలో తనే దారి తప్పినవాడిలా ఉంది.

"దీన్ని ఈడ ఎవలు వెట్టిన్రు?" అన్నాడు మెల్లగా.

మనోరమ చెప్పింది. అది ఎప్పుడూ ఉత్తరపు కిటికీ కింద గద్దె మీద ఉండేది. ఆ గద్దె మామగారు దాని కోసమే కట్టించారు. ఉగాదికి సున్నాలు వేస్తూ దాన్ని దింపి ఈ పడమటి గోడకు ఆనించారు. సున్నం ఆరిపోయింది, పండుగ వెళ్లిపోయింది, పెట్టె ఇక్కడే ఉండిపోయింది.

ఇది అంగుళం వంకరైనా పని చేయదని, లోపలి నీళ్లు గొట్టాల్లో పారాలంటే పలక మీద పెట్టినట్టు ఉండాలని హనుమండ్లు ఒక్కసారే అందుకున్నాడు. తలకిందులు చేసినప్పుడు రెండు రోజులు నడిచింది అందుకేనట, ఆ తర్వాత సరుకు మళ్లీ ఒక పక్కన గడ్డకట్టుకుపోయిందట. ఈ ముక్క ముందు చెప్పొద్దా అని అడిగాడు.

"మీరు అడగలే" అంది మనోరమ. "సరుకు సచ్చిందన్నరు."

ఆయన సర్దిన పనిముట్లు ఒక్కొక్కటే మళ్లీ బయటికి తీశాడు.

జగపతిరావుకు ప్రాణం లేచి వచ్చింది. ఇంతోటి దానికి హైదరాబాదెందుకు, వెనక కాళ్ల కింద రెండు చెక్కముక్కలు తోస్తే పోతుంది కదా అన్నాడు. హనుమండ్లు అడ్డంగా తలూపాడు.

"ఇది సల్లదనం పుట్టిచ్చే పెట్టె గాదు దొరా. లోపలున్న ఉడుకును గుంజి ఎనకకెల్లి బయటికి ఎల్లగొడ్తది. ఎనక గోడ వెట్టి మూస్తె గా ఉడుకు యాడికి వోతది? తిరిగి దాని కడుపులకే వస్తది. గా గద్దె ఎనక కిటికి ఊకె వెట్టలే మీ బాపు."

జగపతిరావు వాకిట్లోకి కేకేశాడు. జీతగాడు పోశం ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకుని తలపాగాలు సర్దుకుంటూ వచ్చాడు. వాళ్లు పెట్టె మీద చెయ్యి వేయబోతుండగా లీలాబాయి లేచి వచ్చింది. వచ్చి గద్దెకు అడ్డంగా నిలబడింది.

"గాడ వద్దు" అంది.

* * *

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. జగపతిరావు మొదట నెమ్మదిగానే అడిగాడు, ఎందుకు వద్దని. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూసింది. రెండోసారి గట్టిగా అడిగాడు. మనోరమకు ఉగాది నాటి సంగతి కళ్లకు కట్టింది. సున్నం వేసేవాళ్లు పోతూ పోతూ పెట్టెను తిరిగి గద్దెక్కిస్తామంటే, ఉండనియ్యండి, వంటింటికి దగ్గరైతది అన్నది ఈ అత్తమ్మే. ఇంత చిన్న విషయమని తను అప్పుడు పట్టించుకోలేదు.

"అత్తమ్మా, మీరే జరిపించిన్రు గదా" అంది. "సున్నం పేరు చెప్పి జరిపించిన్రు. ఎందుకో చెప్పున్రి."

పోశం, మిగతా ముగ్గురూ ఎటు చూడాలో తెలియక మెల్లగా వాకిట్లోకి జరిగారు. హనుమండ్లు వత్తి కత్తెరను లేని మసి తుడుస్తూ కూర్చున్నాడు.

"గద్దె మీద వెడితె గా దీపం దక్షిణం దిక్కు చూస్తది" అంది లీలాబాయి.

అంతే అన్నది. కానీ ఆ తర్వాత ఆగలేకపోయింది. అభ్రకం కిటికీలోంచి ఆ వెలుగు రాత్రంతా దక్షిణపు గోడ మీద పడుతుందని, ఇంట్లో ఏ దీపమైనా ఆ దిక్కుకు మొఖం పెట్టి వెలిగించిందెప్పుడని అడిగింది. పెద్దాయనను జీపులోంచి దింపి పండబెట్టినప్పుడు తలాపున పెట్టిన దీపం ఒక్కటే అటు చూసింది. ఆ దిక్కు ఎవరిదో అందరికీ తెలిసిందే.

"మరి గిన్నేండ్లు గాన్నే ఉన్నది గదనే" అన్నాడు జగపతిరావు.

"గిన్నేండ్లు దాంట్ల ఏమున్నది? మీ బాపు తాగుడుకు ఐసు ఉన్నది. ఇప్పుడు నా కొడుకు పాణం ఉన్నది. కొడుకు పాణం వెట్టి దాని కింద యముని దిక్కు దీపం వెడ్తరా? నాకు నిద్ర పట్టలే బిడ్డా. అందుకే తూర్పుకు తిప్పిచ్చిన."

మనోరమ లెక్క వేసుకుంది. నెలకు పైగా ఇటుక రంగు. నెలకు పైగా ఈ నీళ్ల కేక. మనిషి ఎముకల గూడైపోయాడు. దీనంతటికీ ఇదా కారణం? అరవాలనిపించింది, ఆ ముసలి భుజాలు పట్టుకుని ఊపాలనిపించింది. ఎదురుగా చూస్తే ఆ భుజాలు అప్పటికే వణుకుతున్నాయి.

"మీకు ఆయన మీద పాణం గాబట్టె జరిపిన్రు, నాకు ఎరుకే" అంది చివరికి. "గని జరిపిన కాడికెల్లి ఆయన మందు ఉడుకుతున్నది. నేను రోజు ఉడికిన నీళ్లు పొడిచిన ఆయనకు. ఇంకెన్ని దినాలు పొడవమంటరు?"

లీలాబాయి కోడలి మొఖంలోకి చూసింది. పెట్టె జరపడానికీ మందు చెడడానికీ ముడి ఉందని ఆమెకు ఇప్పుడే తెలిసినట్టుంది. హనుమండ్లు చెబుతున్నంతసేపూ ఆమె దేవుడి గూటి ముందే ఉంది కదా.

"నీళ్లు" అన్నాడు లక్ష్మణ్‌రావు లోపలి నుంచి. "ఎవలన్న ఉన్నరా? నీళ్లు."

లీలాబాయి గద్దె ముందు నుంచి పక్కకు జరిగింది.

* * *

పరుపు పరిచి పెట్టెను తలకిందులు చేశారు. లోపల గడ్డకట్టింది వదలాలంటే ఎండ నడినెత్తికి వచ్చేదాకా కదపొద్దన్నాడు హనుమండ్లు. ఈ ఇంట్లో ఎవరికీ ఒక చోట కాలు నిలవలేదు. జగపతిరావు వాకిట్లోకీ వెనక అర్రకూ తిరుగుతున్నాడు. మనోరమ ఫ్లాస్కు మూత తీసి చూడటం, చూస్తే ఐసు ఇంకా కరుగుతుందని భయపడి మూయడం, మళ్లీ తీయడం. ముక్కలు గోళీలంత అయ్యాయి.

ఇదే గాబరాలో పొద్దటి సూది ఇవ్వడం మరిచేపోయింది. యాదికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఫ్లాస్కులోంచి కొత్త సీసా తీసి, మరగబెట్టిన సూదిలోకి మందు లాగింది. ఎప్పటి కొలతే లాగింది. ఈ కొలత మొన్న ఉగాదికి ఇచ్చినదానికి దాదాపు రెండింతలు. ఇటుక రంగు వచ్చినప్పుడల్లా కాస్త కాస్త పెంచమని డాక్టరు చెప్పాడు, పెంచుకుంటూ వచ్చింది. మందు ఎక్కువైతే చెమటలు పోసి ఒళ్లు చల్లబడుతుందని, అప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా నోట్లో చక్కెర వేయమని మొదట్లో ఎప్పుడో చెప్పిన మాట కూడా ఉంది. ఎక్కువవడం! ఈ ఏడాదిలో వాళ్లకు తక్కువవడమే కానీ ఎక్కువవడం ఎక్కడుంది?

అన్నం పెడితే రెండు ముద్దలు తిని కంచం తోసేశాడు. కోప్పడ్డాడు కూడా. నీళ్లడిగితే అన్నం పెడతారేమిటన్నాడు. ఆమె బతిమాలింది, వినలేదు. వెనక అర్రలోంచి హనుమండ్లు పిలిచేసరికి కంచం అక్కడే వదిలి పరుగెత్తింది.

పెట్టెను లేపి గద్దె మీద నిలబెట్టారు. తాంబాళంలో నీళ్లు ఈసారి అంచుకూ అంచుకూ సమానంగా నిలిచాయి. వెనక కిటికీ రెక్కలు బార్లా తెరిచారు. కాసేపు కుదురుకోనిచ్చి, హనుమండ్లు అగ్గిపెట్టె తీశాడు. తీసి, లీలాబాయి వైపు చూసి, పుల్ల గీయకుండా ఆగాడు. అంత గొప్పలు పోయే మనిషికి ఆ పుల్ల గీయడానికి చెయ్యి రాలేదు.

"ఇటు తే" అంది లీలాబాయి. "నేను ముట్టిస్త."

గద్దె ముందు కూర్చుని, దీపపు తొట్టి బయటికి లాగించుకుని, వత్తి ముట్టించింది. హనుమండ్లు దాన్ని లోపలికి తోశాడు. అభ్రకం కిటికీలో మంట నీలంగా నిలిచి దక్షిణం వైపు చూసింది. ఆమె లేవలేదు. ఆ మంటకూ దక్షిణపు గోడకూ నడుమ, దానికి ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది.

"లెవ్వున్రి అత్తమ్మా, ఉడుకు కొడ్తది."

"కొట్టనీ. గా దిక్కుకెల్లి ఎవలన్న వస్తె ముందుగాల నేనే కనవడ్త. నన్ను తీస్కపోయినంకనే లోపలికి వోవాలె."

మనోరమకు ఇందాకటి కోపం ఎటు పోయిందో తెలియలేదు. అత్తగారి పక్కన ఒక్క క్షణం కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుంది.

హనుమండ్లు చెవి ఆనించి విని, ఇంక ఫికర్ లేదన్నాడు. పొద్దుగూకేసరికి పైఅర చల్లబడుతుందని, తెల్లారేసరికి మంచు పడుతుందని చెప్పాడు. ఆఖరి బస్సు దొరకాలంటే ఇప్పుడే పోవాలట. జగపతిరావు జీపులో దింపుతానన్నాడు. హనుమండ్లు పోతూ ఇంకో చాయ తాగి, పొట్లంలో మిగిలిన బెల్లం ముక్క నోట్లో వేసుకుని, కాగితం నలిపి వాకిట్లో పారేసి జీపెక్కాడు.

ఎండ కిటికీ మీంచి జారి గోడ దిగింది. మనోరమ పెట్టె దగ్గర నుంచి కదలలేదు. కదిలితే అది మళ్లీ ఆగిపోతుందేమోనని పిచ్చి భయం. ఎంతో సేపటికి లోపల ఏదో చిన్నగా బుడబుడమంది. ఆగింది. మళ్లీ బుడబుడమంది. ఆమె తలుపు కాస్త తెరిచి పైఅర రేకు మీద వేలు పెట్టింది. చల్లగా ఉంది! రంజన్ మీద తడిగుడ్డంత చల్లదనమే కానీ, చల్లదనమే.

"సల్లగైందా?" అంది లీలాబాయి కూర్చున్నచోటు నుంచి. మంట వేడికి ఆమె మొఖమంతా చెమట.

"అయితున్నది అత్తమ్మా."

ఫ్లాస్కు వంపితే నీళ్లే వచ్చాయి. సీసాలు తుడిచి పైఅరలో పెట్టి తలుపు మూసింది. ఇన్నాళ్లకు గుండె మీంచి బండ దిగినట్టయింది. ఈ మాట ముందు ఆయనకు చెప్పాలి. రేపు పొద్దున గొట్టంలో రంగు మారుతుందని చెప్పాలి. చెప్పాలనుకుంటూ గుమ్మం దాటాక గానీ తట్టలేదు, ఆ గదిలోంచి నీళ్ల కేక విని ఎంతసేపయిందో.

దాహం తగ్గిందన్నమాట అనుకుంది. కొత్త మందు పని చేస్తోందన్నమాట. నవ్వు మొఖంతోనే మంచం దగ్గరికి వచ్చింది.

లక్ష్మణ్‌రావు కళ్లు సగం మూసి ఉన్నాయి. చొక్కా, దిండు తడిసి ముద్దయ్యాయి. పిలిచింది. ఏదో గొణిగాడు, మాట కాదది. చెయ్యి పట్టుకుంది. ఈ రోహిణి కార్తెలో, గోడలు సెగలు కక్కే ఈ ఇంట్లో, ఆ చెయ్యి చల్లగా ఉంది. పొద్దటి నుంచీ ఆమె దేని కోసం కొట్టుకులాడిందో ఆ చల్లదనం ఆయన వేళ్లలో ఉంది.

కొలత! ఉడికి చచ్చిన మందుకని పెంచిన కొలతతోనే బతికున్న మందు పొడిచింది. కడుపులో రెండు ముద్దలే ఉన్నాయి.

"అత్తమ్మా, చక్కెర" అని కేక పెట్టింది. "జల్ది చక్కెర తేన్రి."

కేక పెట్టాక గుర్తొచ్చింది. ఈ ఇంట్లో చక్కెర లేదు. బెల్లం లేదు. మామిడిపండు లేదు. ఉన్న ఒక్క బెల్లం ముక్క హనుమండ్లు నోట్లో కరుగుతూ బస్టాండుకు పోయింది.

అవతల అర్రలో గాజుల్లేని చేతులు నేల మీద ఆనించి లేచిన చప్పుడైంది. లీలాబాయి గుమ్మంలోకి వచ్చి కొడుకును చూసింది. ఒక్కటే చూపు. కొడుకు నోట్లో వేయడానికి తనింట్లో ఏమీ ఉంచలేదన్న సంగతి ఆ చూపులో ఆమెకు పూర్తిగా తెలిసింది.

"దుర్గవ్వ ఇంట్ల బెల్లం ఉంటది" అంది.

దుర్గవ్వది ఎదురు వాడలో గానుగ ఇల్లు. పెద్దాయన పోయినప్పటి నుంచి లీలాబాయి గడీ గుమ్మం దాటి వీధిలో అడుగు పెట్టలేదు. ఇప్పుడు చెప్పులు లేకుండా, కొంగు నెత్తిన ఉందో లేదో చూసుకోకుండా, గిన్నె కూడా తీసుకోకుండా పరుగెత్తింది. వాకిలి తలుపు గోడకు కొట్టుకుంది.

మనోరమ భర్త తల ఒళ్లోకి తీసుకుని ఆ చల్లటి చేతిని రుద్దుతూ పిలుస్తూనే ఉంది. రెండు గుమ్మాల అవతల చల్లపెట్టె బుడబుడమంటోంది. అభ్రకం కిటికీలో మంట నిలకడగా వెలుగుతోంది. దాని ముందు ఇప్పుడు ఎవరూ లేరు.